చప్పుడు చేయని కుర్చీ

వేటకు కూర్చునే కుర్చీ ఎలా ఉండాలో నాకు తెలుసు. నేను వేటగాడిని కాను. ఒక్క పిట్టనైనా కొట్టిన పాపాన పోలేదు. అయినా ఆ కుర్చీ ఎంత ఎత్తుండాలి, కాళ్లు ఎంత ఎడంగా ఉండాలి, కూర్చునే చోట దేనితో అల్లాలి అని ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలను. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఇప్పుడు చెబుతున్నాను. ఆ కుర్చీ పూర్తయ్యేదాకా నేను నోరు మూసుకొని ఉండటం వల్లే మా అక్క చివరి చూపు మా బావకు దక్కలేదు.

డెబ్బైల చివర్లో మేము ఒమాన్‌లో, రుస్తాఖ్‌లో ఉండేవాళ్లం. ఇళ్లు కట్టే చిన్న కంపెనీ. బావ అందులో వడ్రంగి, నేను స్టోర్ చూసుకునేవాడిని. మా రూమ్‌లో జగిత్యాల వైపు వాళ్లం ఆరుగురం ఉంటే పదో తరగతి దాకా చదివినవాడిని నేనొక్కడినే. అందుకని బావ నన్ను తాసిల్దారు అని పిలిచేవాడు. నన్ను గల్ఫ్‌కు తీసుకుపొమ్మని ఆయన వెంటపడింది మా అక్కే. "వీడు ఈడనే ఉంటే దొర గడిల చిట్టీలు రాసుకుంట ముసలోడైతడు, తోల్కపో" అన్నదట. నన్ను పెంచింది అక్క. ఆమె మాట బావ ఎప్పుడూ తీసేయలేదు.

రూమ్‌లో అందరి ఉత్తరాలూ నేనే చదివేవాడిని. రాజధాని పక్కన రూవి పట్నంలోని కంపెనీ పోస్ట్ బాక్స్‌కు వచ్చిన ఉత్తరాలను డ్రైవర్ గురువారం గురువారం తెచ్చేవాడు. డ్యూటీ అయిపోయాక, స్నానాలు కానిచ్చి, అందరూ చాప మీద చుట్టూ కూర్చునేవాళ్లు. ఆ చదవడానికి మాలో ఒక పద్ధతి ఉండేది. ఉత్తరంలో చెడ్డ వార్త ఉంటే ఆ ఒక్క ముక్కా మింగేసి మిగతాది చదవాలి. తెల్లారి పొద్దున మనిషి పరంజా ఎక్కాలి కదా, కాలు తడబడితే ఎవరిది బాధ్యత? నాలుగు రోజులాగి, ఏ శుక్రవారమో పక్కకు పిలిచి, టీ తాగించి చెప్పాలి. నాకిది నేర్పింది రూమ్‌లోని పెద్దవాళ్లే. ఒకాయన ఎద్దు చచ్చిన సంగతి పది రోజులు దాచి చెబితే ఆయన కళ్లు తుడుచుకొని, మంచి పని చేసినవ్ బిడ్డా అని నా భుజం తట్టాడు. అప్పట్నుంచి నాకు దాచడం కూడా ఒక విద్యలాగా అబ్బింది.

మా కంపెనీని నడిపేది పెద్దకొడుకే గాని, అసలు అర్బాబ్, అంటే యజమాని, వాళ్ల నాన్న. మా పాస్‌పోర్టులన్నీ ఆ ముసలాయన ఇంట్లో ఇనుప పెట్టెలో ఉండేవి. వయసులో ఉండగా ఖర్జూరం పడవల మీద బొంబాయి వచ్చి పోయినవాడు కాబట్టి హిందీ బాగానే మాట్లాడేవాడు. ఆయనకు ఉన్న సరదా ఒక్కటే, కౌజు పిట్టల వేట. ఊరి అవతల వాగులో ఒక నీటి మడుగు ఉంది. సాయంత్రం పూట కౌజులు కొండ దిగి అక్కడికి నీళ్లకు వస్తాయి. మడుగుకు కొంచెం దూరంలో రాళ్లు పేర్చిన చిన్న గోడ వెనక ముసలాయన గొంతుకూర్చుని, తుపాకి ఒళ్లో పెట్టుకొని, అవి వచ్చేదాకా కదలకుండా ఉండేవాడు. ఆ ఏడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. ఇక వేట మానెయ్యమని కొడుకులు అన్నారు. ఆయన మాత్రం మా బావను పిలిపించి, నజ్జార్, నాకొక కుర్చీ చూడు అన్నాడు. నజ్జార్ అంటే వడ్రంగి.

మొదట సైట్ ఆఫీసులోని ఇనుప మడత కుర్చీని పట్టుకెళ్లాం. ముసలాయన కూర్చోగానే అది కిర్రుమంది. బావ నూనె పోశాడు. నూనె పోశాక కిర్రుమనడం మానేసి కుయ్యిమంది. రెండోది రూవి నుంచి డ్రైవర్ తెచ్చాడు. స్టీలు గొట్టాలకు ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ, ఆ రోజుల్లో అదొక వింత. కూర్చుంటే హాయిగానే ఉంది గాని ఎండకు వేడెక్కిన వైరు మనిషి కాస్త ఒరిగినప్పుడల్లా గొట్టానికి రాసుకొని మూలిగేది. మూడోది అల్యూమినియం మడత కుర్చీ. చంకలో పెట్టుకొని పోవచ్చు. ఇదే ఖాయం అనుకున్నాం. వాగులోకి తీసుకుపోతే దాని సన్నటి కాళ్లు గులకరాళ్ల మీద టిక్కుటిక్కుమన్నాయి. పైగా సాయంత్రపు ఎండకు తళతళ మెరిసింది. మేమిక్కడ ఉన్నామని కౌజులకు కబురు పంపినట్టే. నాలుగోసారి కొడుకు విసుగొచ్చి, ఇంట్లో వచ్చినవాళ్లు కూర్చునే సోఫా కుర్చీనే పికప్‌లో వేయించాడు. నలుగురం మోశాం. ముసలాయన అందులో కూర్చొని పది నిమిషాల్లో నిద్రపోయాడు. కౌజులు దర్జాగా వచ్చి, నీళ్లు తాగి, వెళ్లిపోయాయి.

ఆ రోజు తిరిగి వస్తుంటే బావ నవ్వుకుంటూ అన్నాడు. "గివన్ని కూసునెటందుకు చేసిన కుర్చీలు. గాయినకు కావల్సింది కదలకుంట ఉండెటందుకు. రెండు ఒకటి కావు తాసిల్దారూ."

బావ వాళ్ల నాన్న మక్కచేను అంచున అడవిపందుల కోసం కాపు కూర్చునేవాడట. ఆయన పీటలు బావే చేసేవాడు. అందుకని ఈ విషయంలో బావకు చాలా గట్టి అభిప్రాయాలు ఉండేవి. కుర్చీ మంచిదా కాదా అన్నది కూర్చున్నప్పుడు తెలియదు, గంట తర్వాత తెలుస్తుంది అనేవాడు. ముందు తొడ కింద అంచు ఒత్తుకుంటుంది, తర్వాత నడుము పీకుతుంది, తర్వాత కాలు మొద్దుబారుతుంది, అప్పుడు మనిషి కదులుతాడు. మనిషి కదిలితే పిట్ట ఉండదు. కాబట్టి చప్పుడు రాకుండా ఉండాలంటే ముందు నొప్పి రాకుండా ఉండాలి.

సైట్‌లో ఉన్నదంతా సెంట్రింగ్ చెక్క, నీళ్లు తాగి ఎండి వంకరపోయిన సరుకు. అది వద్దని, ముసలాయన తోటలో పడి ఉన్న పాత తలుపు చట్రం అడిగి తెచ్చుకున్నాడు. రేగు కర్ర. అక్కడి రేగు పెద్ద మాను అవుతుంది. ముసలాయన కాలికి దారం పట్టి కొలత తీశాడు. లేచేటప్పుడు మోకాళ్లు ఏడవకూడదు, కూర్చున్నప్పుడు మోచేయి మోకాలికి ఆనాలి, ఈ రెండింటి మధ్య ఎక్కడో ఆ ఎత్తు ఉంది. కాళ్లు మూడే పెట్టాడు. రాళ్ల నేల మీద నాలుగో కాలు ఎప్పుడూ గాలిలోనే ఉండి కుర్చీని ఊపుతుంది, మూడు కాళ్లు ఎక్కడ పెట్టినా నిలుస్తాయి. ఒక్క ఇనుప మేకు కొట్టలేదు. అంతా చెక్క చీలలే, అతికే చోట మైనం. కాళ్ల అడుగున పాత టైరు రబ్బరు. చెయ్యి ఆనించే పట్టీ ఎడమ పక్కన ఒక్కటే, తుపాకి ఎత్తే కుడి చెయ్యికి ఏదీ తగలకూడదని. డ్యూటీ అయ్యాక రోజూ ఒక గంట ఆ పని మీద కూర్చునేవాడు. నేను పక్కన కూర్చొని ఆయన ఉలి పని చూస్తుండేవాడిని. ఆ దేశంలో నేను సంతోషంగా ఉన్న రోజులంటే అవే.

కుర్చీ సగంలో ఉండగా ఒక గురువారం అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఊరి పోస్ట్‌మాస్టర్‌తో చెప్పి రాయించింది. అక్కకు అప్పుడు ఏడో నెల. కాళ్లూ చేతులూ మొహమూ వాచాయనీ, రెండు రోజులుగా కళ్లు మసకగా ఉంటున్నాయనీ, జగిత్యాల డాక్టరమ్మ హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నదనీ, తీసుకుపోయే మనిషి ఎవరూ లేరనీ, ఆయన్ని ఒక్కసారి రమ్మని చెప్పు తమ్ముడూ అనీ రాసి ఉంది. నేను ముందు కళ్లతో చదువుకున్నాను. చాప మీద బావ నా మొహంలోకే చూస్తున్నాడు. గొంతు సర్దుకొని, ఇక్కడ అందరం క్షేమం, వానలు బాగా పడ్డాయి అని మొదలుపెట్టాను.

"ఒంట్ల ఎట్లున్నదట? గది రాయలేదా?" అన్నాడు బావ.

"మంచిగనే ఉన్నదట బావా. బిడ్డ బాగ తన్నుతున్నడట" అన్నాను.

ఆ బిడ్డ తన్నడం ఉత్తరంలో లేదు. నేను కల్పించాను. బావ ఎంత సంబరపడ్డాడంటే పక్కవాళ్లు ఆయన్ని రెండు రోజులు ఏడిపించారు.

ఆయనకు ఆ రోజే చెప్పి, ఇద్దరం పరుగెత్తుకెళ్లి ముసలాయనను అడిగి ఉండవచ్చు. ఎందుకు అడగలేదో చెబితే మా ఊరివాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మా నాన్న దొర దగ్గర జీతం ఉన్నవాడు. దొరను ఏదైనా అడగాలంటే దానికొక వేళ ఉండేది. ఆయన చిరాకులో ఉన్నప్పుడు అడగకూడదు, పని సగంలో ఉండగా అడగకూడదు. ఒక పని ఆయన మెచ్చేలా పూర్తిచేసి, ఆయన నోటి నుంచి భలే అన్న మాట వచ్చాక, చెప్పులు దూరంగా విడిచి, అప్పుడు అడగాలి. అక్క పెళ్లికి నాలుగు రోజుల సెలవు కోసం మా నాన్న ఎండాకాలం మొత్తం దొర బండ్ల కొట్టం కప్పు వేశాడు. వేళ తప్పి అడిగిన పాలేరు ఒకడికి ఆ ఏడంతా సెలవే దొరకలేదు. నేను పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే. పాస్‌పోర్టు ముసలాయన పెట్టెలో ఉంది, కాబట్టి నా లెక్కలో ముసలాయన దొర. కుర్చీ కానీ, ఆయన దాంట్లో కూర్చొని ఒక్క పిట్టను కొట్టనీ, ఆ సంతోషంలో అడిగితే కాదనడు అనుకున్నాను. ఇప్పుడే చెబితే బావ చెయ్యి వణుకుతుంది, కుర్చీ చెడుతుంది, అప్పుడు అసలుకే మోసం వస్తుంది అని కూడా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే ఇప్పటికీ లాగి చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

ఇక నేను బావను తొందరపెట్టడం మొదలుపెట్టాను. ఆయనేమో తొందర తెలియని మనిషి. కూర్చునే చోట అల్లడానికి తోలు బిగించి చూశాడు, ఎండితే పటపటమంటుందని తీసేశాడు. ఖర్జూర నార తాడు అల్లి చూశాడు, రాసుకుంటుందని అదీ విప్పేశాడు. చివరికి మంచానికి అల్లే నూలు నవారు కావాలన్నాడు. అది రూవిలోని మన దుకాణాల్లో దొరుకుతుంది. డ్రైవర్‌కు చెబితే మళ్లీ గురువారం గాని తేలేదు. ఆ వారం రోజులూ నేను అన్నం ఎలా తిన్నానో తెలియదు. ఒకసారి తోలే చాలు బావా అన్నాను. "చేసేదేదో మంచిగ చెయ్యాలె గద. ముసలాయన సంబురపడాలె" అన్నాడు. నా మనసులో ఉన్న మాటే, నాకే తిప్పి చెప్పాడు.

నవారు వచ్చాక ఒక సాయంత్రం పరీక్ష పెట్టాడు. రూమ్ వెనక మైదానంలో కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నాడు. తను ఇరవై అడుగుల దూరంలో అటు తిరిగి నిలబడ్డాడు. అటు ఒరుగు, ఇటు ఒరుగు, తుపాకి ఎత్తినట్టు చెయ్యి ఎత్తు అని అక్కడి నుంచే చెబుతున్నాడు. ఆయన చెప్పినట్టల్లా చేశాను. కుర్చీ ఒక్క చిన్న చప్పుడు చేయలేదు. అంత సుఖమైన కుర్చీలో నేను మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు ఎత్తేసరికి బావ చటుక్కున తల తిప్పాడు.

"ఏం సప్పుడది?"

"కుర్చీది కాదు బావా."

"మరి దేనిది? జేబుల కాయితమేందో ఉన్నది సూడు. తీసెయ్."

అది అక్క ఉత్తరం. ఎక్కడ పెట్టినా ఎవరి కంటనో పడుతుందని తొమ్మిది రోజులుగా చొక్కా జేబులోనే పెట్టుకొని తిరుగుతున్నాను. బావ దగ్గరికి వచ్చి మడత చూసి గుర్తుపట్టాడు. "గిది అక్క ఉత్తరం గదా. ఇంక దాసుకున్నవా? సరె, ఎట్లాగు తీసినవు గద, ఇంకోసారి సదువు. పోరడు తన్నుతున్నడన్న ముక్క సదువు" అన్నాడు. నేను ఆ కుర్చీలోనే కూర్చొని, అక్క ఆయన్ని ఒక్కసారి రమ్మన్న వరుస మీద వేలు పెట్టి, లేని మాట మళ్లీ చదివాను. బావ కళ్లు మూసుకొని విన్నాడు. ఆ తర్వాత గంట దాకా నన్ను కదలవద్దన్నాడు. నేను కదల్లేదు.

ఆ మంగళవారం డ్యూటీ అయ్యాక కుర్చీని వాగుకు మోసుకెళ్లాం. ముసలాయన కూర్చున్నాడు. ఎడమ చేతి పట్టీని ఒకసారి నిమిరాడు. మమ్మల్ని వెనక్కి పొమ్మని సైగ చేశాడు. కొండ నీడ మడుగు దాకా వచ్చిన వేళకు కౌజులు దిగాయి. రెండు దెబ్బలు వినిపించాయి. మేము వెళ్లేసరికి మూడు పిట్టలు పడి ఉన్నాయి, ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. బావ చేతిని రెండు చేతులతో పట్టుకొని కళ్లకు అద్దుకున్నాడు. బావ సిగ్గుపడి పిట్టలు ఏరడానికి పోయాడు. ఇదే వేళ అనుకున్నాను. చెప్పులు విడిచి ముసలాయన ముందు నిలబడ్డాను.

అంతా చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఉత్తరం ఎప్పుడు వచ్చింది అని అడిగాడు. పన్నెండు రోజులైంది అన్నాను. మరి ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగాడు. కుర్చీ పూర్తయ్యాక అడుగుదామని, అన్నాను. ఆయనకు నా హిందీ అర్థం కాలేదేమో అనుకొని మళ్లీ చెప్పాను. ఆయనకు మొదటిసారే అర్థమైంది.

"నా దగ్గరికి రావడానికి నీకు కుర్చీ ఎందుకు?" అన్నాడు. "పొద్దున్నే నా ఇంట్లో ఎవరొచ్చినా కాఫీ పోస్తారు. వచ్చినవాడు కూర్చొని తన కష్టం చెప్పుకుంటాడు. మా నాన్న రోజుల నుంచీ అంతే. నువ్వు రోజూ ఆ వాకిలి ముందు నుంచే పోతావు."

అది నిజం. ఆ వాకిలి నేను రోజూ చూసేవాడిని. అందులోకి పోవచ్చునని నాకు తోచలేదు. తర్వాత ఆయన, ఆమె నీకు అక్క అన్నావు కదా, నువ్వు కూడా పో అన్నాడు. దానికి నేనేమన్నానో తెలుసా? వద్దు అర్బాబ్, స్టోర్ ఎవరు చూస్తారు అన్నాను. ఇద్దరం పోతామంటే మనసు మారి ఒక్కరిని కూడా పంపడేమో అని భయం. ఇచ్చిన దాన్ని కూడా తీసుకోవడం రాని బతుకు నాది.

అరగంటలో బావ పాస్‌పోర్టు చేతికి వచ్చింది. తెల్లవారుజామున పికప్ పంపుతానన్నాడు. అక్కకు కొంచెం బాగా లేదట బావా, ఇవాళే ఇంకో ఉత్తరం వచ్చింది అని చెప్పాను. బావ సంచిలో బట్టలు కుక్కుతూ ఒక్క క్షణం ఆగాడు. "ఇయ్యాల మంగళారం గద" అన్నాడు. ఉత్తరాలు వచ్చేది గురువారం. ఆయన మళ్లీ బట్టలు సర్దుకున్నాడు.

బావ ఊరు చేరేసరికి అక్క పోయి నాలుగు రోజులైంది. కడుపులో బిడ్డ కూడా పోయింది. ఉత్తరం వచ్చిన రోజే బయల్దేరి ఉంటే అక్క దగ్గర ఆయన ఎనిమిది రోజులు ఉండేవాడు. హైదరాబాద్ తీసుకుపోయేవాడు. అక్క బతికేదేమో, బతికేది కాదేమో, నాకు తెలియదు. ఎనిమిది రోజులు మాత్రం ఆమెకు రావలసినవి, నేను రానీయలేదు. ఆ తర్వాతి గురువారం డ్రైవర్ తెచ్చిన సంచిలో బావ పేరు మీద టెలిగ్రామ్ ఉంది. రూమ్‌లో అందరూ చాప మీద చుట్టూ కూర్చుని ఉన్నారు. ఏం రాసి ఉంది అని అడిగారు. ఆ ఒక్కసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చదివాను, వినవలసిన మనిషి అక్కడ లేడు. నన్ను పెంచిన చేతుల్ని తలుచుకొని గోడకు తల కొట్టుకున్నాను. పెద్దవాళ్లు పట్టుకొని ఆపారు. ఆ చలికాలమంతా ముసలాయన వేట నుంచి వస్తూ మా రూమ్‌కు కౌజులు పంపేవాడు. నేను ముట్టలేదు.

నాలుగు నెలలకు బావ తిరిగి వచ్చాడు. సగమయ్యాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఉత్తరం రాసిన పోస్ట్‌మాస్టర్ ఊళ్లోనే ఉన్నాడు, ఏం రాశాడో ఎప్పుడు రాశాడో బావకు తెలియకుండా ఉండే వీలే లేదు. తిడతాడని, కొడతాడని ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేది. అక్క చనిపోయినప్పుడు ఎవరెవరు వచ్చారో చెప్పాడు, నేను తిన్నానో లేదో అడిగాడు, డ్యూటీకి పోయాడు.

వచ్చిన రెండో గురువారం ఆయన తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవర్ నా చేతికే ఇచ్చాడు. నేను తీసుకెళ్లి బావకు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. విప్పలేదు.

"చదవనా బావా" అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఎప్పటిలా చిన్నగా నవ్వాడు. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే నేను తట్టుకునేవాడిని.

"వద్దులే తాసిల్దారూ" అన్నాడు. "నువ్వు సదివితే మా ఇంట్ల అందరు మంచిగనే ఉంటరు."

ఆ ఉత్తరాన్ని అలాగే పెట్టెలో బట్టల కింద పెట్టి, బియ్యం కడగడానికి లేచాడు.